నలుగురు అనుకునే ‘నేను’

మా ఇంట్లో నాకు ‘జారుడు చేతులది’ అని పేరు. నాకు ఆరేళ్ళప్పుడు ఒక పండగ పూట, చుట్టాలకి మంచినీళ్ళు తీసుకెళ్తుంటే రెండు గాజు గ్లాసులు చేతిలోంచి జారి పగిలాయి. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. ముక్కలు చేటలోకి ఎత్తుతూ ‘దీని చేతిలో ఏదీ నిలవదు’ అంది, అంతే. ఆ రోజు నుంచి ఇంటికి ఎవరొచ్చినా అక్క చేతికి గాజు గ్లాసులు, నా చేతికి స్టీలు గ్లాసులు. తర్వాత డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకున్నాను. మూడేళ్ళు హాస్టల్లో ఉన్నాను. బ్యూరెట్లు, పిపెట్లు, ఫ్లాస్కులు రోజూ పట్టుకునేదాన్ని. నా చేతిలో ఒక్కటీ పగల్లేదు. సెలవులకి ఇంటికొచ్చి, కాఫీ ట్రేతో వంటింటి గడప దాటగానే మాత్రం కప్పులు సాసర్ల మీద గలగలమనేవి. ‘జాగ్రత్తే, చూసి నడువ్’ అని వెనకనుంచి అమ్మ. ఆ మాటకి ఇంకాస్త గలగల.

చాలా ఏళ్ళు నాకిది అర్థం కాలేదు. ల్యాబ్‌లో పనిచేసిన చేతులే కదా ఇక్కడా ఉన్నవి. ల్యాబ్‌లో నా చేతుల గురించి ఎవరికీ ఏ అభిప్రాయమూ లేదు, ఇంట్లో ఉంది అన్న సంగతి తట్టింది చాలా ఆలస్యంగా. మనం ఎలాంటివాళ్ళమో మనకే బాగా తెలుసనుకుంటాం. ఆ తెలియడంలో మన వాటా ఎంత, నలుగురి వాటా ఎంత అని లెక్క తీస్తే తేలడం కష్టం. సామాజిక శాస్త్రంలో, మనస్తత్వ శాస్త్రంలో నూట ఇరవై ఏళ్ళకి పైగా ఈ లెక్క మీద పని జరుగుతోంది.

మొదట చెప్పుకోవాల్సింది మిషిగన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన చార్లెస్ హోర్టన్ కూలీ గురించి. 1902లో ఆయన ఒక మాట అన్నాడు: ఎదుటివాళ్ళు మనకి అద్దం లాంటివాళ్ళు, మనం ఎవరిమో ఆ అద్దంలో చూసుకుని తెలుసుకుంటాం అని. ఈ మాట చాలామందికి తెలుసు. కానీ ఆయన దాన్ని మూడు మెట్లుగా విడదీశాడు. అసలు విషయం అక్కడుంది. ఎదుటివాళ్ళకి నేనెలా కనబడుతున్నానో ఊహించుకుంటాను. కనబడినదాన్ని బట్టి వాళ్ళు నా గురించి ఏమనుకుంటున్నారో ఊహించుకుంటాను. దాన్ని బట్టి లోపల గర్వమో సిగ్గో పుడుతుంది. మూడింట్లో రెండు ఊహలే. వాళ్ళు నిజంగా ఏమనుకున్నారన్నది ఈ మెట్లలో ఎక్కడా లేదు. అంటే మనని మలిచేది ఎదుటివాళ్ళ చూపు కన్నా, ఆ చూపులో ఏముందో మనం వేసుకున్న అంచనా. మా అమ్మ ఆ మాట అన్న సంగతే మర్చిపోయింది. నేను మర్చిపోలేదు.

కూలీ తర్వాత షికాగోలో జార్జ్ హెర్బర్ట్ మీడ్ ఈ ఆలోచనని ఇంకొంచెం ముందుకి తీసుకెళ్ళాడు. ఆయన 1931లో చనిపోయాక, క్లాసులో చెప్పిన పాఠాల నోట్సు ఆధారంగా 1934లో పుస్తకం వచ్చింది. చిన్నపిల్లలు అమ్మాట, టీచరాట ఆడుకుంటారు కదా. అప్పుడు ఒక్కో మనిషి వేషంలోకి వెళ్ళి, ఆ మనిషి కళ్ళతో తమని తాము చూసుకోవడం నేర్చుకుంటారు. బొమ్మని ఒళ్ళో పెట్టుకుని ‘అల్లరి చేస్తే బూచాడికి ఇచ్చేస్తా’ అనే పిల్ల, తనని అమ్మ ఎలా చూస్తుందో బొమ్మ మీద పెట్టి చూసుకుంటోంది. కాస్త పెద్దయ్యాక నియమాలున్న ఆటల్లోకి వస్తారు. మీడ్ బేస్‌బాల్ ఉదాహరణ ఇచ్చాడు, మనం ఏడుపెంకులాట అనుకుందాం. పెంకులు పేర్చేవాడికి బంతి ఎవరి చేతిలో ఉంది, తనవాళ్ళు ఎటున్నారు, అవతలివాళ్ళు తన నుంచి ఏం ఆశిస్తున్నారు, అన్నీ ఒకేసారి తలలో ఉండాలి. అలా అందరి చూపులూ కలిసి ముద్దయి, పేరూ ముఖమూ లేని ఒక మనిషి లోపల కూర్చుంటాడని మీడ్ అన్నాడు.

ఆ మనిషికి మన భాషలో ఎప్పటినుంచో పేరుంది. ‘నలుగురు’. ‘నలుగురూ ఏమనుకుంటారు?’, ‘నలుగురిలో పరువు పోయింది’, ‘నలుగురితో పాటు నారాయణా’. ఈ నలుగురూ ఎవరెవరని అడిగితే వేళ్ళు మడిచి పేర్లు చెప్పగలిగినవాళ్ళు నాకు కనబడలేదు. పెళ్ళికి అప్పు చేసేది వీళ్ళ కోసమే, పిల్లకి ఇష్టం లేని కోర్సు చదివించేదీ వీళ్ళ కోసమే. పోయాక మోసేది కూడా వీళ్ళేనంటారు.

అద్దం మాట ఎలాగూ వచ్చింది కాబట్టి నిజం అద్దం సంగతీ చెప్పాలి. 1970లో గోర్డన్ గాలప్ అనే పరిశోధకుడు చింపాంజీలకి కొన్నాళ్ళు అద్దం అలవాటు చేసి, మత్తిచ్చి, వాటి ముఖం మీద తమకి కనబడని చోట ఎర్ర రంగు పూశాడు. మెలకువ వచ్చాక అద్దంలో చూసుకుని తమ ముఖం మీద రంగునే తడుముకున్నాయి. అది నేనే అని వాటికి తెలుసన్నమాట. ఈ ప్రయోగం పేరుపొందింది. దాని తర్వాతిది మాత్రం ఎందుకో అంతగా ఎవరూ చెప్పరు. పుట్టినప్పటి నుంచి తోటి చింపాంజీలు లేకుండా ఒంటరిగా పెరిగినవాటికి కూడా అదే పరీక్ష పెట్టారు. అవి అద్దంలో తమని గుర్తుపట్టలేకపోయాయి. పరీక్షించినవి కొన్నే కాబట్టి దీని మీద మరీ పెద్ద మేడ కట్టకూడదు. అయినా నాకు ఇది మనసులోంచి పోదు. తనని చూసే కళ్ళు ఒక్క జతైనా లేకుండా పెరిగిన ప్రాణికి, ఎదురుగా నిలువుటద్దం పెట్టినా ‘నేను’ కనబడలేదు.

కాబట్టి ఎదుటివాళ్ళ చూపు మనని పాడుచేసే వస్తువు అని తీసిపారేయలేం. అది లేకపోతే ‘నేను’ అనే మాటే పుట్టదు. చిక్కు వచ్చేది ఆ చూపు ఒకచోట ఆగి గడ్డకట్టినప్పుడు. తెలుగు వ్యాకరణంలోనే దీనికో ఆనవాలు ఉంది. ‘గ్లాసు పగలగొట్టింది’ అంటే ఆమె చేసిన పని. ‘గ్లాసు పగలగొట్టింది ఎవరు?’ అంటే పగలగొట్టిన మనిషి. మాట ఒకటే. పనీ అదే, మనిషీ అదే. ఒకసారి మొండికేసిన పిల్ల మొండిది, ఒకసారి అబద్ధమాడిన పిల్లాడు అబద్ధాలకోరు. పని అయిపోతుంది, పేరు ఉండిపోతుంది.

పేరు పడ్డాక అది ఎలా నిజమవుతుంది? దీని మీద అందరూ చెప్పే ప్రయోగం 1968లో అచ్చయింది. రాబర్ట్ రోజెంతాల్, లెనోర్ జాకబ్సన్ కాలిఫోర్నియాలోని సౌత్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలందరికీ తెలివి పరీక్ష పెట్టి, ‘వీళ్ళు ఈ ఏడాది బాగా పుంజుకుంటారు’ అని దాదాపు అయిదోవంతు పిల్లల పేర్లు టీచర్లకి ఇచ్చారు. నిజానికి ఆ పేర్లు చీటీలు తీసినట్టు ఎంచినవే. ఏడాది చివర మళ్ళీ పరీక్ష పెడితే, ముఖ్యంగా ఒకటి, రెండు తరగతుల్లో, ఆ పేర్లున్న పిల్లలు మిగతావాళ్ళకన్నా ముందున్నారు. తర్వాత దీని మీద చాలా వాదం నడిచింది. అంత చిన్నపిల్లలకి ఆ పరీక్ష సరిపోదన్నారు. తర్వాతి పరిశోధనల్లో ఫలితం ఉన్నా చిన్నదిగానే తేలింది. టీచరు నమ్మితే చాలు పిల్లాడు కలెక్టరైపోతాడన్నంత కథ ఇందులో లేదు. నాకు విలువైనదిగా తోచేది ఆ నమ్మకం ఏ దారిన పిల్లల దాకా వెళ్తుందో రోజెంతాల్ తర్వాత చూపించిన తీరు. ఆశ ఉన్న పిల్లలతో టీచరు ముఖం వేరుగా ఉంటుంది. వాళ్ళకి ఎక్కువ పాఠం చెబుతారు. జవాబు చెప్పే అవకాశం ఎక్కువ ఇస్తారు. ఎక్కడ తప్పిందో విడమర్చి చెబుతారు. ఇవన్నీ తెలియకుండానే జరుగుతాయి.

మన దగ్గర ఇంటర్ చదివినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. నేను చదివిన జూనియర్ కాలేజీలో మార్కుల్ని బట్టి సెక్షన్లు. నేను మూడో సెక్షన్. మా ఫిజిక్స్ సారు బోర్డు మీద లెక్క వేసి, ‘తర్వాత స్టెప్ ఏంటి?’ అని అడిగి, మా వైపు తిరిగీ తిరగకుండానే తనే రాసేసేవారు. చెడ్డవారేం కాదు. మాకు రాదని నమ్మారు, సిలబస్ పూర్తి చేయాలన్న టెన్షన్ ఆయనది. రెండు నెలలు గడిచేసరికి ఆయన ప్రశ్న అడిగినా మేం ఆలోచించడం మానేశాం. ఎలాగూ ఆయనే రాస్తారు. దసరా తర్వాత నా పక్కన కూర్చునే అమ్మాయి మొదటి సెక్షన్‌కి మారింది. అక్కడా ఆయనే వచ్చేవారు. ‘అక్కడ సారు ఆగుతారే. ఎవరో ఒకరు చెప్పేదాకా చాక్‌పీస్ పట్టుకుని అలా నిలబడతారు’ అంది. ఆ ఆగే నాలుగు క్షణాలే తేడా. వాటిలోనే ఒక సెక్షన్ తమకి లెక్కలు వచ్చని నేర్చుకుంది, ఇంకో సెక్షన్ రావని నేర్చుకుంది. ఈ పద్ధతిని మార్కుల కోసమని సమర్థించేవాళ్ళతో నేను ఇప్పటికీ ఒప్పుకోలేను.

ఇక్కడిదాకా చెప్పింది ఒక అమ్మ, ఒక సారు, ఒక తరగతి సంగతి. ఊరంతా కలిసి, తరాల తరబడి ఒకే చూపు చూస్తే? కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థిక శాస్త్రవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతులు చదివే మగపిల్లలతో ఒక ప్రయోగం చేసి 2004లో ప్రకటించారు. అగ్రకులాల పిల్లలు 321 మంది, దళిత పిల్లలు 321 మంది. కాగితం మీద గజిబిజి దారుల బొమ్మలిచ్చి, ఎన్ని దారులు కనుక్కుంటే అంత డబ్బు అన్నారు. ఎవరి కులమూ ఎత్తనప్పుడు రెండు వర్గాల పిల్లలూ ఇంచుమించు ఒకేలా చేశారు. ఇంకో గదిలో మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివి, అవునా అని అడిగారు. పిల్లాడు తలూపాడు. అంతే చేశారు. ఆ గదిలో దళిత పిల్లలు కనుక్కున్న దారులు బాగా తగ్గిపోయాయి.

ఆ తలూపడం దగ్గరే నా ఆలోచన ఆగిపోతుంది. ఎవరూ తిట్టలేదు, తక్కువ చేసి మాట్లాడలేదు. ‘నువ్వు ఎవరివో ఇక్కడ అందరికీ తెలుసు’ అని మాత్రం తెలియజేశారు. మనకి దీనికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. కొత్త ఊళ్ళో ఇల్లు అద్దెకి చూడ్డానికి వెళ్ళండి. ‘మీ ఇంటిపేరేంటండీ?’ అని మొదలవుతుంది. ఇంటిపేరుతో తేలకపోతే ‘మీదే ఊరు?’, అప్పటికీ తేలకపోతే ‘మీరేవిట్లు?’, అంటే ఏ కులమని. అడిగేవాళ్ళ గొంతులో కోపం ఉండదు, చాలాసార్లు కాఫీ కూడా ఇస్తారు. ఆ ప్రశ్న వినబడగానే కొందరి వెన్ను నిటారుగా అవుతుంది, కొందరి గొంతు ఎండుతుంది.

చూపు కాగితం మీదికెక్కి, చట్టమై, పోలీసు చేతిలో పడితే ఏమవుతుందో చూడాలంటే బాపట్ల, చీరాల మధ్య రైలు కిటికీలోంచి కనబడే స్టువర్టుపురం దాకా రావాలి. అక్కడ ఉండే ఎరుకల వాళ్ళు ఒకప్పుడు సముద్రతీరం నుంచి ఉప్పు గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకి తీసుకెళ్ళి, ధాన్యం మార్చుకొచ్చేవాళ్ళు. బుట్టలు అల్లేవాళ్ళు, ఎరుక చెప్పేవాళ్ళు. పేరులోనే ఎరుక ఉంది, అంటే తెలివిడి. పందొమ్మిదో శతాబ్దం చివరికి రైళ్ళు వచ్చి, బ్రిటిష్ ప్రభుత్వం ఉప్పు మీద తన పట్టు బిగించి వాళ్ళ వ్యాపారాన్ని దెబ్బతీసిన తీరుని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ వివరంగా రాశారు. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాళ్ళు ప్రభుత్వం కళ్ళకి అనుమానితులయ్యారు. నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తర భారతంలో మొదలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఒక తెగని నేరస్థ తెగ అని ప్రకటిస్తే చాలు, అందులో మనుషుల పేర్లు రిజిస్టరుకి ఎక్కించి, వేలిముద్రలు తీసుకోవచ్చు. వేళకి వచ్చి హాజరు పలకాలని, ఊరు దాటితే చెప్పి వెళ్ళాలని కట్టడి చేయవచ్చు. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర నుంచి వేరు చేయవచ్చు. అలా 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల మీదుగా ఏర్పడిన సెటిల్‌మెంట్ స్టువర్టుపురం. మద్రాసు ప్రభుత్వంలో అధికారిగా ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అక్కడ ఉన్నవాళ్ళ పేరు కాదు, వాళ్ళని అక్కడ పెట్టినవాళ్ళ పేరు.

ఇందులో మెలిక గమనించండి. హాజరు పలకడానికి రాకపోవడమే నేరం. అమ్మ చావుబతుకుల్లో ఉందని చెప్పకుండా పక్క ఊరికి వెళ్తే నేరం. నేరస్థుడని ముందే రాసిపెట్టి, ఆ రాతని నిజం చేసే పనులు చుట్టూ పేర్చారు. అక్కడ దొంగతనాలు చేసినవాళ్ళు ఉన్నారు, ఆ సంగతి దాచక్కర్లేదు. కానీ పుట్టిన బిడ్డకి కూడా దొంగ అనే పేరు సిద్ధంగా ఉన్న ఊళ్ళో, వేరే పని ఇవ్వడానికి చుట్టుపక్కలవాళ్ళు జంకేచోట, ఎవరు ఎంతవరకు తమంతట తామే ఆ దారి ఎంచుకున్నారో ఎలా చెప్పగలం? హావర్డ్ బెకర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1963లో చెప్పింది ఇదే. తప్పుడు మనిషి అనే గుణం పనిలో ఉండదు, నలుగురూ వేసిన ముద్రలో ఉంటుంది అని.

చట్టం మద్రాసులో 1947లో పోయింది, దేశమంతా 1952లో పోయింది. ముద్ర పోలేదు. ఊరి పేరు సినిమా టైటిళ్ళలోకి ఎక్కింది. ఆ ఊరి చిరునామా చెప్పుకోవడానికి ఒక తరం భయపడింది. 1970ల్లో సంఘ సంస్కర్తలు లవణం, హేమలత దంపతులు అక్కడికి వెళ్ళి ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆమె గుర్రం జాషువా కూతురు. ముద్రతో బతకడం ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఇక జైళ్ళ సంగతి. కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువల్స్‌లో విముక్త జాతుల వాళ్ళని, అంటే ఆ చట్టం నుంచి బయటపడిన తెగల వాళ్ళని, అలవాటైన నేరస్థులుగా చూసే నియమాలు అలాగే ఉండిపోయాయి. సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది 2024 అక్టోబరులో. చట్టం రద్దయిన 72 ఏళ్ళకి.

ఇంత చదివాక, అయితే మనం నలుగురు ఎలా మలిస్తే అలా అయ్యే మట్టిముద్దలమేనా అనిపించవచ్చు. కాదు. కూలీ చెప్పిన మెట్లలో ఊహలున్నాయి కదా, ఆ ఊహలు చాలాసార్లు తప్పుతాయి. 2000లో అచ్చయిన ఒక పరిశోధనలో, కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థులకి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, నలుగురున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగంమంది ఆ బొమ్మ చూసుంటారని తొడుక్కున్నవాళ్ళు అనుకున్నారు. చూసింది పావువంతే. మన మీద పడ్డాయనుకునే చూపుల్లో సగం అసలు మన వైపే తిరగలేదు. ఎవరి గొడవ వాళ్ళది. మామూలు సిగ్గులకి, పెళ్ళిళ్ళలో చీర గురించి బెంగలకి ఈ మందు బాగా పనిచేస్తుంది. ఇంటిపేరు అడిగే చోట పనిచేయదు, అక్కడ చూపు నిజంగానే ఉంది. ఈ రెండింటినీ కలిపేసి, ‘జనం మాట పట్టించుకోకు’ అని అందరికీ ఒకే సలహా ఇచ్చేవాళ్ళంటే నాకు కోపం.

ఇంకొక చిక్కు మన లోపలిదే. మన గురించి మనకున్న అభిప్రాయం చెడ్డదైనా సరే, దాన్ని కాదనేవాళ్ళ దగ్గర మనం ఇబ్బంది పడతామని విలియం స్వాన్ అనే మనస్తత్వవేత్త చూపించాడు. తమని తాము తక్కువగా చూసుకునేవాళ్ళు, తమని తక్కువగా చూసే జీవిత భాగస్వామితోనే ఎక్కువ గట్టిగా ముడిపడి ఉన్నారని 1992లో ఆయన బృందం గమనించింది. తెలిసిన చీకటి తెలియని వెలుగుకన్నా నయమనిపిస్తుంది. ఎవరైనా మెచ్చుకుంటే ‘అబ్బే, నాకేం వచ్చండీ’ అని మనం ఎంత తొందరగా అంటామో గుర్తుచేసుకోండి.

మరి పేరు మారేదెప్పుడు? ఒక్కరే ఎదురు తిరిగితే మారడం అరుదు. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ వాళ్ళ డిమాండ్. దానితో పాటు ఇంకొకటి జరిగింది. మంద కృష్ణ తన పేరు చివర మాదిగ అని పెట్టుకున్నారు. చాలామంది పెట్టుకున్నారు. రెడ్డి, చౌదరి, శర్మ అని పేరు చివర తగిలించుకుంటే ఎవరూ కన్నెత్తి చూడని చోట, తిట్టుగా వాడిన మాటని పేరుగా చెప్పుకున్నారు. ఎదుటివాడి నోట్లో ఉన్నప్పుడు ముద్ర, తన నోట్లోకి వచ్చాక సంతకం. అది ఒక్క మనిషి గుండెధైర్యంతో జరిగే పని కాదు. వెనక వేలమంది ఉన్నారు కాబట్టి, చూసేందుకు వేరే నలుగురు పుట్టారు కాబట్టి జరిగింది. నాకు చిన్నగా జరిగిందీ ఆ దారినే. నా చేతులు మారలేదు, హాస్టల్లో నాకు వేరే నలుగురు దొరికారు.

పోయిన సంక్రాంతికి అందరం ఇంట్లోనే ఉన్నాం. అన్నయ్య కూతురికి అయిదేళ్ళు. మంచినీళ్ళ గ్లాసు తీసుకెళ్తూ హాల్లో వదిలేసింది. స్టీలు గ్లాసు, నీళ్ళు మాత్రం ఒలికాయి. అమ్మ నవ్వుతూనే, ముద్దుగానే అంది: ‘అచ్చం మేనత్త చెయ్యే వచ్చింది దీనికి’. అందరూ నవ్వారు. పిల్ల నవ్వలేదు. తన అరచేయి తిప్పి చూసుకుంది.

నేను గుడ్డ తెచ్చి దానికే ఇచ్చాను, ఇద్దరం తుడిచాం. సాయంత్రం పెరుగన్నంలోకి దానిమ్మ గింజలు వలిచి, అల్మారాలోంచి గాజు గిన్నె తీసి అందులో వేసి, ‘నానమ్మకి ఇచ్చి రా’ అని దాని చేతుల్లో పెట్టాను. వంటింటి నుంచి వరండాకి ఇరవై అడుగులుంటుంది. గిన్నెని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని బయల్దేరింది. గడప దగ్గర ఆగి, నేను చూస్తున్నానా అని వెనక్కి తిరగబోయింది. నేను పొయ్యి వైపు తిరిగిపోయాను.